గుట్ట మీది సీతాఫలాలు

చిక్కడపల్లిలో బండి దిగి, సీతాఫలాల గంపల మీద కప్పిన ఆకులు తీయగానే వాసన లేస్తుంది. పచ్చి ఆకు, తడి మట్టి, వాటి వెనక ఎక్కడి నుంచో జొన్నరొట్టె కాలుతున్న వాసన. రొట్టె అక్కడ లేదని నాకు తెలుసు. అయినా ఏటా వానలు వెనకబట్టే రోజుల్లో నా ముక్కు నన్నిలాగే మోసం చేస్తుంది, నేనూ ఇష్టంగా మోసపోతాను.

అశోక్‌నగర్‌లో మా హాస్టల్ సందు మొదట్లో లక్ష్మమ్మక్క జొన్నరొట్టెల పొయ్యి ఉండేది. నారాయణపేట వైపు నుంచి వచ్చిన మనిషి. ఇక్కడ ఉద్యోగ పరీక్షలకు చదివే వాళ్లంతా ఊళ్ల పిల్లలేనని, మెస్సులో ఎంత తిన్నా వాళ్ల మనసు రొట్టె మీదికే పోతుందని వచ్చిన వారంలోనే పసిగట్టింది. ఆమె వ్యాపారమంతా ఆ ఒక్క ఎరుక మీదే నడిచింది. రొట్టె చేతిలో పెట్టేముందు అందరినీ అడిగినట్టే నన్నూ అడిగింది.

"మీ ఊర్ల ఏం పండుతది బిడ్డా?"

"ఏం పండదక్కా. అన్నీ గుట్టలే."

"గుట్టల మీద ఏమున్నయ్?"

"సీతాఫలం చెట్లు. మేకలు గూడ ముట్టవు."

ఆమె రొట్టె తిప్పుతూ నవ్వింది. నాకు చిన్నతనంగా అనిపించింది.

నాలుగోసారి కూడా జాబితాలో నా నంబరు లేదు. ఇంటికి ఏ మొహం పెట్టుకొని పోవాలో తెలియక రెండు రోజులు గదిలోనే పడుకున్నాను. మూడో రోజు లక్ష్మమ్మక్కే పైకొచ్చింది.

"నౌకరి రాలేదని పోకు. కాయలకొచ్చిన్నని పో. ఒక గంప తెంపుకొచ్చి నా పక్కన గూసోని అమ్ము."

పోయాను. ఎవరి కంటా పడకుండా, అమ్మను కూడా కలవకుండా, చేతికందినవి తెంపుకొని మధ్యాహ్నం బస్సుకే తిరిగొచ్చాను. నాలుగు రోజులకు కాయలన్నీ నల్లబడి రాళ్లయ్యాయి. లక్ష్మమ్మక్క ఒకటి పగలగొట్టి చూసింది.

"కండ్లు విచ్చని కాయ మాగదు. చిన్నప్పుడు తెంపలేదా నువ్వు?"

"తెంపిన."

"మరి యాడ మర్సినవ్?"

పరీక్ష పోయినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

ఈసారి నేరుగా ఇంటికే పోయాను. తెల్లారి మంచులో అమ్మ నన్ను గుట్ట ఎక్కించి, గీతల మధ్య తెల్లగా విచ్చుకున్న కాయనొకదాన్ని నా అరచేతిలో పెట్టింది. వారం రోజులు ఆ చెట్ల మధ్యే కలలో నడిచినట్టు తిరిగాను. తెచ్చిన గంప పొయ్యి పక్కన గంట కూడా నిలవలేదు.

ఇప్పుడు ఆ గుట్ట నాకూ మా ఊరి ఆడవాళ్లలో కొందరికీ బతుకుతెరువు. లక్ష్మమ్మక్క చనిపోయి మూడేళ్లయింది.

నిన్న ఒక అమ్మాయి చంకలో పుస్తకాలతో వచ్చి రెండు కాయలు ఏరుకుంది. ఫలితాలు వచ్చాయని ముఖమే చెబుతోంది.

"మీ ఊర్ల ఏం పండుతది చెల్లే?"

"ఏం పండదక్కా."

నేను గంప జరిపి, ఆమె కూర్చోవడానికి చోటిచ్చాను.