బావ షేర్లకు అమెరికా ముహూర్తం

ఒక మంచి మనిషిని ఉదయగిరి బస్టాండు నుంచి వెనక సందులోకి తరిమిన వెధవ కథ ఇది. వాడు కత్తి పట్టలేదు, కోర్టుకు పోలేదు. ఆత్మకూరులో కూర్చుని అమెరికా క్యాలెండరు చూశాడు, అంతే. వాడి మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. తగ్గే దారి కూడా లేదు. రోజూ గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో వాడే కనిపిస్తాడు.

ఈ కథను మా అక్క భర్త ఏసుదాసు బావ ప్రతి పెళ్లిలోనూ చెప్పేవాడు. చెప్పినప్పుడల్లా నా తెలివిని ఇంకో అంగుళం కత్తిరించేవాడు. పోయిన ఏడాది ఆయన పోయాడు. ఇక నా కథ నేనే చెప్పుకోవాలి. అదొక కోపం.

తొంభైల చివరి మాట. బావకు బస్టాండు ఎదురుగా చెక్క గరిటెల అంగడి ఉండేది. బస్సు దిగినవాడు కాలు కింద పెడితే అది బావ అంగట్లోనే పడాలి, అంత మంచి చోటు. గది అద్దెది. దాన్ని యజమాని అమ్మకానికి పెట్టాడు. కొనడానికి బావ దగ్గర ఉన్నదల్లా నా మాట విని కొన్న కంప్యూటర్ కంపెనీ షేర్లు. అప్పటికి అవి బాగా పెరిగి ఉన్నాయి. యజమాని మర్యాదస్తుడు. "శనివారం లోపల షేర్లు అమ్మినానని చెప్పు. దుడ్లు చేతికొచ్చేదాకా ఆగతా. లేదంటే గది హోటలాయనకు ఇచ్చేస్తా" అన్నాడు.

కథ ఇక్కడే అయిపోవాలి. సోమవారం నెల్లూరు బ్రోకరుకు ఒక ఫోన్ చేస్తే గది బావది. కానీ మధ్యలో చదువుకున్న బామ్మర్ది ఒకడున్నాడు.

నేను ఆత్మకూరులో బడిపంతుల్ని. అక్కడ కొత్తగా ఒక కంప్యూటర్ సెంటరు పెట్టారు. నెల్లూరుకు ఫోన్ కలిపితే ఇంటర్నెట్టు వచ్చేది. అది వచ్చేలోపల పోయి టిఫిన్ తిని రావచ్చు. అందులో నాకొక క్యాలెండరు దొరికింది. ఏ రోజు, ఏ గంటకు, ఏ దేశం ఏ లెక్క ప్రకటిస్తుందో వరసగా ఉండేది. ధరలు, వడ్డీలు, ఉద్యోగాలు. పక్కన పోయిన నెల అంకె, దాని పక్కన ఈసారి అంచనా. ఆ శుక్రవారం అమెరికా ఉద్యోగాల లెక్క వస్తుందని ఉంది. అంచనా బాగుంది.

మాది మూడు తరాల బాప్టిస్టు కుటుంబం. పెళ్లికి కూడా ముహూర్తం చూడం. చూసేవాళ్లను నేను ఎగతాళి చేసేవాణ్ణి. అట్లాంటివాడి చేతికి జన్మలో మొదటిసారి పంచాంగం దొరికితే ఎలా ఉంటుందో ఊహించండి. అంచనా అన్న మాట నా కంటికి ఆనలేదు. ఆదాయం ఇంత, వ్యయం ఇంత అని ఉగాదినాడు చదివి వినిపిస్తారే, అట్లా చదువుకున్నాను. కాగితం అచ్చు తీయించి ఆదివారమే ఉదయగిరికి మోసుకుపోయాను.

"ఇదేందిరా, పరీక్షల టైంటేబులా?" అన్నాడు బావ.

"ఎకనామిక్ క్యాలెండర్ బావా. శుక్రవారం అమెరికా లెక్క మంచిది వస్తాది. అది తెలిసినోళ్లంతా ముందే ఎగబడి కొంటారు. ఆ పొద్దున అమ్మితే మంచి రేటు."

"అమెరికాలో ఎవడికో ఉద్యోగమొస్తే నా గరిటెలకేంది?"

"అంతా ఒకదానికొకటి తగులుకోని ఉండాది. నీకు అర్థం కాదులే."

ఈ మాట అన్నవాణ్ణి ఆ క్షణమే మెడబట్టి గెంటాలి. మా అక్క కాఫీ ఇచ్చింది.

"ఇప్పటి రేటు గదికి సరిపోతాది గదరా?" అంది.

"సరిపోతాది. శుక్రవారమైతే కొత్త తలుపులు కూడా పెట్టించుకోవచ్చు."

"పాత తలుపులు బాగానే మూసుకుంటా ఉండాయే."

బావ నన్ను చూశాడు, కాగితాన్ని చూశాడు. ఇంగ్లీషులో అచ్చయిన కాగితానికి ఎదురు చెప్పడం మావాళ్లకు చేతకాదు. "సరే, శుక్రవారమే" అన్నాడు.

శుక్రవారం పొద్దున ఇద్దరం తెల్లచొక్కాలు వేసుకుని మస్తాన్ ఎస్టీడీ బూత్‌లో నిలబడ్డాం. తెల్లచొక్కాలు ఎందుకంటే ఆ రోజు గుడ్ ఫ్రైడే, మధ్యాహ్నం చర్చికి పోవాలి. మీలో కొందరు అప్పుడే నవ్వుతున్నారు. నవ్వండి. గుడ్ ఫ్రైడే అని మాకు తెలుసు, బడికి సెలవని తెలుసు. బొంబాయి షేర్ల బజారు మా దేవుడి కోసం తలుపులు మూస్తుందని తట్టలేదు. ఉదయగిరిలో ఆ రోజు ఒక టీ అంగడి మూయగా కూడా మేమెప్పుడూ చూడలేదు.

ఫోన్ మోగుతూనే ఉంది.

"గిరాకీ ఎక్కువుంటాది బావా, లైను దొరకదు."

"లైను దొరికిందిరా. మనిషే దొరకలా."

మళ్లీ చేశాం. మళ్లీ మోగింది. మస్తాన్ ఉండబట్టలేక అడిగాడు. "సార్, ఎవరికి?"

"షేర్ల బ్రోకరుకు."

"ఈ పొద్దు ఎవురూ ఎత్తరు సార్. షేర్ల బజారుకు సెలవు. పేపర్లో ఏసినారు గదా."

"సెలవు ఎందుకంట?" అన్నాడు బావ.

మస్తాన్ మా చొక్కాలను పైనుంచి కిందికి చూశాడు. "మీ ఏసు సామి చనిపోయిన రోజు సార్. మీకు చెప్పలేదా ఎవురూ?"

బావ రిసీవరు మెల్లగా పెట్టేశాడు. "అన్ని దేశాలూ ఉండాయంటివే. మన దేశం లేదా అందులో?"

"సెలవులు అందులో వేయరు బావా."

"మా వంటింటి గోడ మీద ఉన్నదాంట్లో ఏసినారు. ఎర్రగా."

యజమాని ఇంటికి పోయి సోమవారం దాకా గడువు అడిగాం. "శనివారమన్నా ఏసుదాసూ. హోటలాయనకూ అదే మాట ఇచ్చినా" అన్నాడు ఆయన. ఆయన మీద కూడా కోపం తెచ్చుకుందామని చాలా ప్రయత్నించాను. వీలు పడలేదు. గది హోటలాయనదైంది. గరిటెలు సందులోకి పోయాయి.

అక్కడి నుంచి తిన్నగా చర్చికి. గుడ్ ఫ్రైడే నాడు యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగిస్తారు. మొదటి మాట క్షమాపణ గురించి. ఆ సంవత్సరం అది మా బావ వంతు. తనకు కీడు చేసినవాళ్లను ఎట్లా క్షమించాలో ఆయన చాలాసేపు, చాలా బాగా చెప్పాడు. ముందు వరసలో ముసలమ్మలు ఏడ్చారు. అంతసేపట్లో ఒక్కసారైనా నేను కూర్చున్న బెంచీ వైపు చూడలేదు.

బయటికి వచ్చాక చెప్పులేసుకుంటూ అడిగాను. "బావా, క్షమించినట్టేనా?"

"లోపల క్షమించినా. బయట ఇంకా లేదు."

బయట క్షమించానని ఆయన చివరిదాకా అనలేదు. ఆ రోజే, ఆ చర్చి మెట్ల మీదే ప్రమాణం చేశాను: ఏ దేశపు క్యాలెండరు చూసీ, ఏ మనిషికీ, ఏ పనికీ రోజు చెప్పను. మొన్న బావ సంవత్సరీకం ప్రార్థన కూడిక ఏ రోజు పెట్టుకుందామని పాస్టరుగారు నన్నే అడిగారు. మా అక్క ఏడుస్తున్నదల్లా తలెత్తి, "వాణ్ణి మాత్రం అడగొద్దయ్యా" అంది.