కాలింపాంగ్ కొండ మీద మొక్కజొన్న గింజలు ఏరిన రోజు

మా పక్కింటి బెంగాలీ ఆవిడ కిందటేడు కాలింపాంగ్ దగ్గర ఒక రైతు ఇంట్లో మూడు రోజులు ఉండి వచ్చింది. "బౌదీ, నన్ను గ్లాసు కూడా కడగనివ్వలేదు తెలుసా!" అంది. బౌదీ అంటే వాళ్ల భాషలో వదిన, నన్ను అలాగే పిలుస్తుంది. ఆ మాట నాలో ఉండిపోయింది. మాది ఖరగ్‌పూర్‌లో ఝపటాపూర్. మావారు రైల్వే వర్క్‌షాపులో పని చేస్తారు. పెళ్లయిన ఇరవై ఎనిమిదేళ్లలో ఎవరి పెళ్లికో, ఎవరి పురుటికో తప్ప నేను రైలెక్కలేదు. వెళ్లిన ప్రతిచోటా వంటింట్లోనే తేలాను. ఒక్కసారి, వేరొకరు వండింది తిని ఊరికే కూర్చుందామనిపించింది. మా ఊళ్లోనే పూరీ గేట్‌లో ఉండే మా ఆడపడుచు సత్యవతిని తోడు రమ్మన్నాను. "నువ్వు ఊరికే కూకుంటావా వదినా? అది సూడ్డానికైనా వస్తాను, పద" అంది.

మార్చి మొదటి వారంలో బయలుదేరాం. మధ్యాహ్నం లోకల్‌లో హౌరా చేరి, అక్కడి నుంచి బస్సులో సియాల్దా వెళ్లి, రాత్రి రైలెక్కాం. స్లీపర్ టికెట్ మనిషికి నాలుగు వందల లోపే. నెల ముందే తీసుకోవడం వల్ల ఇద్దరికీ కింది బెర్తులు దొరికాయి. పొద్దున ఎనిమిదిన్నరకు న్యూ జల్‌పాయీగుడిలో దిగాం. స్టేషన్ బయటే కాలింపాంగ్ వెళ్లే షేర్ జీపులు ఉంటాయి. మనిషికి మూడు వందలు, మూడు గంటల ప్రయాణం. డ్రైవరు నా సంచీ పైకెత్తబోయి ఆగిపోయాడు.

"దీదీ, ఇందులో ఏముంది, ఇనుమా?"

"రెండు కిలోల బియ్యం, ఆవకాయ సీసా, చింతపండు" అన్నాను హిందీలో.

"ఇంకేటి, పొయ్యొక్కటే మర్చిపోయినావు" అని సత్యవతి నవ్వింది.

కాలింపాంగ్‌లో మోమోలు తిని, ఒంటిగంటకు ఊరి జీపు పట్టుకున్నాం. మనిషికి నూట యాభై. గంటన్నర పాటు గతుకుల దారి. మేమున్న ఇంట్లో అతిథులకున్నవి రెండే గదులు కనుక ఊరి పేరు రాయడం లేదు. కాలింపాంగ్ జీపుల స్టాండులో అడిగితే ఇలాంటి ఇళ్లు పది చెబుతారు. మూడు పూటల భోజనంతో రోజుకు మనిషికి పద్నాలుగు వందలు.

ఇంటావిడ మాయా దీదీకి నాకంటే ఐదారేళ్లు ఎక్కువుంటాయి. నన్ను "బైనీ" అని పిలిచింది. అంటే వాళ్ల భాషలో చెల్లెలు. ఇంటి ముందు మెట్లు మెట్లుగా చేలు, వాటి కింద ఎక్కడో నది చప్పుడు. ముల్లంగి కూర, పప్పు, అన్నం, నెయ్యి వేసి పెట్టింది. నిజంగానే కంచం ముట్టుకోనివ్వలేదు. ఆమె బొటనవేలికి గుడ్డ కట్టు ఉంది. గడ్డి కోస్తుంటే కొడవలి తగిలి తెగిందట. పొయ్యి మీద, పొగ తగిలేలా, నల్లబడిన మొక్కజొన్న పొత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి.

"రేపు ఇవి ఒలవాలి బైనీ. నిన్న వాన పడింది కదా, ఎల్లుండి మా చేను దున్నుతారు" అంది.

అక్కడ ఎనిమిదిళ్లకు కలిపి ఒక జత ఎద్దులు. వానపడగానే వంతులవారీగా ఒక్కో ఇంటి చేను దున్ని, అందరూ కలిసి విత్తుతారు. వంతు తప్పితే మళ్లీ ఎనిమిదిళ్లూ అయ్యాకే. అప్పటికి నేలలో తడి ఉండదు.

మర్నాడు ఐదింటికే మెలకువ వచ్చింది. మాయా దీదీ ఆవు దగ్గరికి, గడ్డికి వెళ్లిపోయింది. నేను టీ తాగి వంటింట్లో కూర్చున్నాను. పావుగంట కూర్చున్నాను. ఆ కట్టు కట్టిన వేలితో ఆవిడ ఇవన్నీ ఎలా ఒలుస్తుందని అనిపించింది. గుత్తులు దించి, ఒక్కో పొత్తూ తీసుకుని, మొదలు నుంచి కొన దాకా ఒలిచేశాను. నలభై పైనే ఉన్నాయి. వేళ్లు మంటపుట్టినా వదల్లేదు. కొనన ఉన్న చిన్న చిన్న గింజలను కూడా గోరుతో గీకి తీశాను. చేటలో చెరిగి, అంతా ఒకే గంపలో పోసి, బెండ్లను కట్టెల పక్కన పేర్చాను.

ఏడింటికి మాయా దీదీ గడ్డిమోపు దించి లోపలికి వచ్చింది. గంప చూసి, పైకి చూసి, మళ్లీ గంప చూసింది.

"అంతా ఒలిచేశావా?"

"ఒక్క గింజ వదల్లేదు దీదీ" అన్నాను గర్వంగా.

ఆవిడ పీట మీద కూర్చుండిపోయింది. కోప్పడలేదు. ఒక బెండు తీసి నాకు చూపించింది. "ఈ కొనవి చిన్నవి. మొలిచినా బలం ఉండదు. ఈ మొదట్లోవి గుండ్రంగా, వంకరగా ఉంటాయి. అవి కూడా పనికిరావు. రెండు కొసలూ ముందు ఒలిచి కోళ్లకు వేస్తాం. మధ్యలోవే విత్తనం. మా అత్తగారి నాటి నుంచి ఇంతే."

"దుకాణంలో విత్తనం దొరకదా?"

"దొరుకుతుంది. దానికి కంకి పెద్దదే వస్తుంది, కానీ మా ఇంట్లో వర్షాకాలం దాటేలోగా పురుగు పట్టేస్తుంది. ఇది పట్టదు." గంపలో చెయ్యి పెట్టి గింజలు వేళ్ల సందుల్లోంచి జారవిడిచింది. "రేపు పొద్దున్న ఎద్దులు వచ్చేస్తాయి."

అప్పుడే సత్యవతి లేచి వచ్చింది. "ఏటయింది? ఎందుకలా ఉన్నారు?"

చెప్పాను. తలకొట్టుకుంది. "నెమ్మదిగా కూకోరాదేటి వదినా? ఏడింటికే ఆవిడ ఏడాది పంట కలిపి పారేసినావు!"

నాకు ఏడుపొచ్చింది. కానీ గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని చూస్తే తేడా తెలుస్తూనే ఉంది. మధ్య గింజలు పలకగా, ఒక దాని పక్కన ఒకటి నొక్కుకుని పెరిగినట్టు ఉన్నాయి. కొసలవి ఉండలుగా, చిన్నవిగా ఉన్నాయి. బియ్యంలో రాళ్లు ఏరిన చేతులు ఇవి. రేషన్ బియ్యంలో తెల్లరాళ్లు పట్టడం కంటే ఇది కష్టమా?

"ఏరేస్తాను దీదీ" అన్నాను.

"ఇన్నా?" అంది ఆవిడ.

"సత్యా, నువ్వు కూడా చేట పట్టు."

"నాను కొండలు సూడ్డానికొచ్చినాను" అంటూనే అది వచ్చి నా పక్కన కూర్చుంది.

ఆ రోజు వ్యూ పాయింట్‌కు తీసుకెళ్లాల్సిన జీపు వద్దని కబురు పంపాం. ఎనిమిదింటికి అరుగు మీద ఎండలో ముగ్గురం కూర్చున్నాం. గుప్పెడు చేటలో పోసి పరవడం, ఉండగింజలను వేలితో ఇవతలికి లాగడం, పలకగింజలను అవతలికి నెట్టడం. అనుమానం వచ్చినదాన్ని మాయా దీదీకి చూపించేదాన్ని. మొదటి గంటలో నేను మంచివనుకున్న వాటిలో సగం తీసేసింది. పది గంటలయ్యేసరికి పది చూపిస్తే రెండే తీసేది. పదకొండు దాటాక చూడకుండానే తల ఊపింది.

"వదినా, ఇది సూడు, ఇటూ కాదు అటూ కాదు, అచ్చం మా ఆయన్లాగ" అని సత్యవతి ఒక గింజ ఎత్తి చూపింది. ఆ మాట హిందీలో చెబితే మాయా దీదీ కట్టు వేలితో కళ్లు తుడుచుకునేదాకా నవ్వింది. మధ్యాహ్నం ఆవిడను లేవనివ్వకుండా నేనే అన్నం వండి, పప్పుచారు పెట్టాను. ఆవకాయ ఆవిడకు నచ్చింది. మూడున్నరకు గంప అడుగు కనిపించింది. విత్తనానికి పనికొచ్చేవి దాదాపు మూడు కిలోలు తేలాయి. ఏరి పడేసినవాటిలో కొన్ని ఇసుకలో వేయించి టీతో పెట్టింది. సత్యవతి రెండుసార్లు అడిగి పెట్టించుకుంది.

మూడో రోజు ఆరున్నరకు ఎద్దులొచ్చాయి. ఇరుగుపొరుగు ఎనిమిది మంది వచ్చారు. ముందు నాగలి, దాని వెనకాలే చాలులో రెండేసి గింజలు వేస్తూ మాయా దీదీ. మా జీపు తొమ్మిదింటికి కాబట్టి గట్టు మీద నిలబడి చూశాను. ప్రతి గుప్పెడూ వేసేముందు ఆవిడ బొటనవేలితో గింజలు ఒకసారి దొర్లించేది. మూడో చాలులో ఆగి, ఒక గింజ తీసి, నా వైపు ఎత్తి చూపించి, గట్టు మీది కోళ్ల మధ్యకు విసిరింది. తర్వాత వరసగా నాలుగు చాళ్లు ఆగకుండా నడిచింది.

సాయంత్రం న్యూ జల్‌పాయీగుడిలో రైలెక్కేదాకా నాకు ఆ నాలుగు చాళ్లే కళ్లముందు ఉన్నాయి. మా ఇంట్లో గింజ పారేయకపోవడమే పనితనం అనుకుంటూ వచ్చాను. పిల్లలకు కూడా అదే చెప్పాను. తినే గింజకు అది సరిపోతుంది, విత్తే గింజకు సరిపోదు. ఆ తేడా నాకు ఎవరూ చెప్పలేదనుకున్నాను గానీ, నిజానికి నేనే ఎవరినీ అడగలేదు. తప్పు చేసిన రోజే నాకు ఆ ఊరు బాగా తెలిసింది. అయినా అలా తెలుసుకోవాల్సిన అవసరం మీకెవరికీ లేదు.

ఫిబ్రవరి, మార్చిలో వెళ్లేవాళ్లకు ఒక్క సూచన: దిగగానే దున్నే వంతు ఎప్పుడో అడగండి. ఆ పనిలో మీరూ చెయ్యి కలపాలనుకుంటే, మొదటి పొత్తు ఇంటావిడ చేత ఒలిపించుకుని చూడండి. రెండోది మీరు తీసుకోండి.