బాపు చూసిన ప్రెసిడెంటు సినిమా

శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు మొదలయ్యాక చుట్టుపక్కల లేచిన హోటళ్లలో ఒకదాంట్లో నాకు రిసెప్షన్‌లో ఉద్యోగం దొరికింది. గెస్టులు గదుల్లో మరిచిపోయిన వస్తువులను కొన్నాళ్లు దాచి, ఎవరూ అడగకపోతే మాకే ఇచ్చేవాళ్లు. అట్లా నాకొక పాత నలుపు తెలుపు సినిమా డీవీడీ వచ్చింది. అట్ట మీద గడ్డం ఉన్న బక్క మనిషి. బానిసలకు విముక్తి ఇచ్చిన అమెరికా ప్రెసిడెంటు జీవితకథ అది.

అప్పటికి మా ఇంట్లో ఒక పరేషాన్ నడుస్తోంది. మాది మంఖాల్ దగ్గర పల్లె. మా చర్చివాళ్ల బొందలగడ్డకు పోయే బాటను, ప్లాట్లు చేసేవాళ్లు రాతి కడీలు పాతి ముళ్లతీగతో మూసేశారు. మా తాత, నాయనమ్మ ఆ మట్టిలోనే ఉన్నారు. బాపు, అంటే మా నాన్న, ఆ చర్చికి సంఘపెద్ద. నలుగురిని వెంటేసుకొని పోయి కడీలు తీయమని అడిగొచ్చాడు. ఆ తర్వాతే మా ఇంటి ఎదురుగా ఒక తెల్ల జీపు వచ్చి ఆగడం మొదలైంది. ఎవరూ దిగరు. ఇంజను ఆపరు. ఒకరోజు నేను పాలకు బయటికొస్తే అద్దం కొంచెం దిగింది.

"చెల్లే, బాపు మంచిగున్నడా? పొద్దుగాల కూరగాయలు ఏసుకొని శంషాబాద్ పోతడట గదా. జర రోడ్డు చూసుకొని పొమ్మను."

గొంతు ఎంతో మర్యాదగా ఉంది. నేను పాలు తీసుకోకుండానే లోపలికొచ్చేశాను.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక సినిమా పెట్టాను. తెల్లారితే గ్రామసభ. బాట సంగతి అందరి ముందూ మాట్లాడతానని బాపు ముందే చెప్పాడు. ఆయన మనసు కాసేపు మళ్లుతుందని నా ఆశ. బాపుకు ఇంగ్లీషు రాదు. నేను పక్కన కూర్చొని మాటలన్నీ తెలుగులో చెబుతున్నాను. అమ్మ గడపలో కూర్చొని చిక్కుడుకాయలు ఒలుస్తూ వింటోంది.

సినిమాలో ఆయనకూ బెదిరింపులు వచ్చాయి. బయటికి పోవద్దని దగ్గరివాళ్లు చెప్పారు. ఆయన వింటాడు, నవ్వుతాడు, మళ్లీ పనిలో పడతాడు. చివరికి వాకిట్లో గుర్రపుబండి నిలబడి ఉంటుంది. భార్యాభర్తలు ఎక్కుతారు. బండి మంచులో కలిసిపోతుంది. అంతే.

"గంతేనా? ఆయనకేమైంది?" అన్నాడు బాపు.

"నాటకం చూడ పోయిండు బాపు. ఎనక నుంచి కాల్చి చంపిన్రు."

"మరి చూపియ్యలేదేంది?"

"చూసేటోళ్లకు తెలుసు గదా."

బాపు టీవీ వైపే చూస్తూ, "పాపం, ఆయనకు తెల్వదు," అన్నాడు.

"ఎందుకు తెల్వదు?" అమ్మ చేట పక్కకు నెట్టింది. "అందరు చెప్పుకుంటనే ఉన్నరు గదా! ఇనకుంట బండెక్కిండు. రేపు నువ్వు పోకు."

"నేను పోకుంటే ఇంకెవ్వరు లేవరే. మా అవ్వ బొంద మీదికెళ్లి మురికినీళ్ల మోరీలు తవ్వుతరు."

అమ్మ చేటను మళ్లీ ముందుకు లాక్కుంది. మా ఇంటి మీదుగా విమానం దిగుతుంటే రేకులు వణికాయి. అది రోజూ ఉండేదే. ఆ రోజు మాత్రం ముగ్గురం తలలెత్తి చూశాం.

గ్రామసభకు నేనూ వెంట పోయాను. బాపు లేచి మాట్లాడుతుంటే జనం తలలు వంచుకున్నారు. తలుపు దగ్గర చేతులు కట్టుకొని నిలబడ్డ, ఊళ్లో ఎప్పుడూ చూడని ఒకతను ప్రతి మాటకూ తలూపుతున్నాడు, ఒప్పుకుంటున్నట్టే. అప్పుడొక ముసలామె లేచి "ఆయన చెప్పేది నిజమే" అంది. తర్వాత ఇంకొందరు లేచారు. వారం తిరక్కముందే కడీలు పీకేశారు. జీపు మళ్లీ రాలేదు. ఊరంతా సంబరపడింది. అమ్మ ఒక్కతే, "గట్ల సప్పుడు లేకుండ ఉండుడే నాకు మంచిగనిపిస్తలేదు," అనేది.

వానలు పడ్డాక ఒక పొద్దున తొండుపల్లి మలుపు దగ్గర టిప్పర్ బాపు కూరగాయల బండిని గుద్ది ఆగకుండా పోయింది. నేను దవాఖానకు చేరేసరికి ఆపరేషన్ అయిపోయింది. ఎడమకాలు మోకాలి దాకా తీసేశారు. టిప్పర్ దొరకలేదు. ఆ రోడ్డు మీద టిప్పర్లకు లెక్కే లేదు, యాక్సిడెంటు కాని రోజు లేదు. వచ్చినవాళ్లంతా అదే మాట అన్నారు. మేమూ తలూపాం.

అమ్మ మందులకు కిందికి పోయినప్పుడు బాపు నన్ను దగ్గరికి రమ్మన్నాడు. మత్తు ఇంకా పూర్తిగా వదల్లేదు.

"బిడ్డా, టిప్పరోడు నన్ను సూషిండు. సూషే స్పీడు పెంచిండు." తలుపు వైపు చూసి, "మీ అమ్మకు చెప్పకు," అన్నాడు.

చెప్పలేదు. బొందలగడ్డ బాట ఇప్పటికీ తెరిచే ఉంది. దానికి రెండు వైపులా ఇండ్లు లేచాయి. ఏ ఇంటికీ అటువైపు కిటికీ పెట్టలేదు. బాపు చంకకట్టెల సాయంతో ఆ బాటన నడుస్తుంటే, అమ్మ రోడ్డు మీది బండ్ల వైపు తిరిగి చూస్తూ ఆయన వెనక వెనక నడుస్తుంది.