నీచు తిన్నది ఆయన

నా మొగుడు బ్యాంకాకులో ఎండ్రకాయలు తిన్నాడు. నేను నా కళ్ళతో చూసినాను. ఈ ఒక్క ముక్క మా ఇంట్లో చెప్పి నెగ్గలేకపోయినాను. ఆయన పోయి చాలా కాలమైంది, మా అత్త అంతకు ముందే పోయింది. అయినా ఇప్పుడు రాస్తా ఉండాను.

నేను పుట్టింది తిరుపతిలో, మెట్టింది చిత్తూరులో. రెండూ అంగళ్ళు పెట్టుకోని బతికే ఇండ్లే, రెండూ నీచు ముట్టని ఇండ్లే. కోడిగుడ్లు అమ్మే మనిషి మా వాకిట్లో నీడకి నిలబడితే కూడా మా అత్త చెంబుడు నీళ్ళు చల్లేది. ఎనభైల మొదట్లో మా ఆయనా, ఇంకొకాయనా పొత్తు కలిసి ఊరి బయట మామిడి గుజ్జు డబ్బాలకెత్తే ఫ్యాక్టరీ పెట్టినారు. డబ్బాలకు మూత బిగించే మిషను చూసుకోవడానికి ఇద్దరూ బ్యాంకాకు పోవాల్సి వచ్చింది. నన్నూ తీసకపోయినాడు. ముచ్చటపడి కాదు.

"ఆ దేశంలో మనం తినే కూడు దొరకదంట. పొడులూ ఊరగాయలూ కట్టుకోని నువ్వూ రా మే. కరెంటు పొయ్యి మీద రవంత అన్నం వండిపెడితే సాలు" అన్నాడు.

దానికే మా అత్త కూడా ఒప్పుకునింది, మా పిల్లలిద్దర్నీ తాను చూసుకుంటాననింది. కంది పొడి, కరేపాకు పొడి, చింతకాయ తొక్కు, ఆవకాయ, అన్నీ సీసాలకెత్తి గుడ్డ మూటలు కట్టి ఇచ్చి, "వాడు గడ్డి తినకుండా చూసుకో" అని నాకు అప్పజెప్పింది.

బ్యాంకాకులో దిగినాక మొదటి రోజు అన్నం వండినాను. తిన్నారు. మరుసటి రోజునుంచి పొద్దున్నే ఫ్యాక్టరీలు చూడాలని పోయేది, సాయంత్రం వచ్చి "ఆడే తిన్నాంలే" అనేది. నేను వండిన అన్నం నేనే తిని, కిటికీలోంచి రోడ్డు చూస్తా కూర్చునేదాన్ని. హోటల్లో తాళంచెవులిచ్చే అమ్మాయి నా మొహం చూసి జాలిపడిందేమో, కాలవ పక్కన ఒక పెద్దామె బయటి దేశాలోళ్ళకి తన ఇంట్లోనే వంట నేర్పిస్తుందని చెప్పింది. మా ఆయన్ని అడిగితే, "పో పో, పొద్దుపోతుంది" అన్నాడు. నేను గదిలో లేకుంటే ఆయనకు సులువని నాకు అప్పుడు తట్టలేదు.

ఆమెకి మా అమ్మ వయసుంటుంది. నా ఇంగ్లీషు అంతంతమాత్రం, ఆమె ఇంగ్లీషు అంతకంటే తక్కువ. నాతో పాటు ఇద్దరు తెల్లామెలు. కింద చాప పరిచి తలా ఒక రాతిరోలు ముందర పెట్టింది. మన రోలు మాదిరి భూమిలో పాతింది కాదు. చిన్నది, లోతైంది, ఒళ్ళో పెట్టుకునేంత. చూసి నేర్చుకునేది కాదు, ఎవరి చేత్తో వాళ్ళు దంచాల్సిందే. పచ్చిమిరపకాయలు, తెల్లగడ్డలు, ఎర్రగడ్డలు వరసగా చేతికిచ్చింది. ఒక దుంప ఇచ్చింది. వాసన చూస్తూనే గుర్తుపట్టినాను. చిన్నప్పుడు దగ్గొస్తే మా అవ్వ సాన మీద అరగదీసి తేనెతో నాకించిన దుంపరాష్ట్రం! మందనుకున్నదాన్ని ఆ దేశంలో చారులో వేస్తారు. ఇంకొకటి ఆకు. దాని వాసన మా పెరట్లో దబ్బాకు వాసనే, మజ్జిగలో నలిపి వేస్తామే, అట్లే ఉంది. దంచతా ఉంటే నాకు ఇల్లు గుర్తొచ్చి, ఉషారుగా పాటకి దంచినట్టు దంచినాను. ఆమె నవ్వి నా భుజం తట్టింది.

అప్పుడు ఒక జాడీ మూత తీసింది. గుప్పుమంది. ఎండబెట్టిన రొయ్యలు ఊరబెట్టి నూరిన ముద్ద అది. ఆ వాసనకు నేను లేచి పరుగున వాకిట్లోకి పోయినాను. ఆమె వెనకనే వచ్చి ఏమైందని అడిగింది. చేతులు జోడించి, "నో ఫిష్, నో మీట్, హౌస్ గాడ్" అని నాకు చేతనైనట్టు చెప్పినాను. పంపించేస్తుందేమోనని భయపడినాను. ఆమె లోపలికి పోయి, అటక మీదినుంచి గుడ్డలో చుట్టిన వేరే రోలు దింపింది. ఏడాదిలో కొన్ని దినాలు వాళ్ళమ్మ కూడా నీచు మానేసి దేవుడికి మొక్కేదంట, ఆ దినాల్లో వాడే రోలంట. దాన్ని నా ముందరే కడిగింది. గరిటె వేరే ఇచ్చింది, చట్టి వేరే ఇచ్చింది. రొయ్యల ముద్దకి బదులు ఉప్పు, ఊరబెట్టిన సోయా గింజలు ఇచ్చింది. ఆ తెల్లామెల చాపని దూరంగా జరిపించింది. నా ఆచారం ఏమిటో తెలియని మనిషి, నా కులమడగని మనిషి, నా కోసం అంత చేసింది. నేను అక్కడ రొయ్యల వాసన చూసినాను. అంతే. ముట్టలేదు, తినలేదు.

టెంకాయ పాలతో పుట్టగొడుగుల చారు చేసినాను. పచ్చి మామిడికాయ సన్నంగా తరిగి మిరపకాయ, బెల్లం, వేరుశనగ పలుకులు కలిపే ఇంకొకటి నేర్చుకున్నాను. ఆయనకి పెడదామని క్యారియర్లో చారు పోసుకోని సాయంత్రం హోటలుకొచ్చినాను. కింద భోజనాల గదిలో మా ఆయనా పార్ట్‌నరూ కూర్చోనుండారు. వాళ్ళ మధ్య పళ్ళెం నిండా ఎర్రగా ఎండ్రకాయలు. మా ఆయన చేతిలో కాలు, నోట్లో ఇంకొకటి. గడ్డం మీదికి రసం కారతా ఉంది.

నన్ను చూసి పార్ట్‌నరు తల దించుకున్నాడు. మా ఆయన చెయ్యి తుడుచుకోని నా ఎనకనే గదికొచ్చినాడు.

"ఇంట్లో చెప్పబాక మే. అమ్మ తట్టుకోలేదు" అన్నాడు.

"చెప్పను" అన్నాను. చెప్పలేదు కూడా. ఆయన తిన్నందుకు నాకు కోపం రాలేదు, ఇది మాత్రం నమ్మండి. ఎవరి నోరు వాళ్ళిష్టం అనుకున్నాను. ఆ రాత్రే రొయ్యల జాడీ సంగతీ, ఆ పెద్దామె నాకు వేరే రోలిచ్చిన సంగతీ ఆయనకి చెప్పినాను.

చిత్తూరుకొచ్చిన కొన్ని దినాలకి మూలికలంగట్లో దుంపరాష్ట్రం తెచ్చి, మా పెరటి దబ్బాకు కోసి, పుట్టగొడుగులకి బదులు వంకాయలేసి, ఆ చారు మా వంటింట్లో కాచినాను. ఆ పొద్దు పార్ట్‌నరు కూడా భోజనానికొచ్చినాడు. మా అత్త రెండోసారి పోయించుకొని, "టెంకాయ పాలకి ఇంత రుచి ఉండాదా! దేవుడికి కూడా పెట్టొచ్చు" అనింది. నాకెంత సంతోషమో. పెండ్లయినాక ఆమె నా వంటని మెచ్చుకోవడం అదే మొదలు.

మా ఆయనకి ఏం బుద్ధి పుట్టిందో, నలుగురిలో నవ్వించాలనుకున్నాడో ఏమో, విస్తరి ముందర కూర్చోని, "ఎట్లుండదు మా! చేపలూ రొయ్యలూ కుళ్ళబెట్టి దంచే ఇంట్లో నేర్చుకోనొచ్చింది కదా నీ కోడలు. ఆ పొద్దు గదికొస్తే కంపు, కంపు!" అని పకపకా నవ్వినాడు.

మా అత్త చేతిలో ముద్ద ఆగిపోయింది. లేచి పెరట్లోకి పోయి గొంతులో వేలు పెట్టుకోని కక్కింది. తిరిగొచ్చి చారు గిన్నె, అన్నం గుండిగ, నేను ముట్టిన బోకులన్నీ వాకిట్లోకి విసిరింది.

"ఏ రోట్లో ఏం దంచినావో, ఆ చేతులతో నా పొయ్యి ముడతావా?"

"వేరే రోలిచ్చినారత్తా. నేను నీచు ముట్టలేదు. ఆయనకి తెలుసు, చెప్పినాను."

మా ఆయన విస్తరి చూస్తా కూర్చున్నాడు. అప్పుడు నాకు రేగింది.

"నన్నడిగేదానికి ముందు నీ కొడుకునడుగు, ఆడ ఏం తిన్నాడో."

"నేనేం తిన్నాను? పొడన్నమే తిన్నాను" అన్నాడు. తడుముకోలేదు. నేను ఇచ్చిన మాట ఇంకా నా నోట్లోనే ఉంది, ఆయన అబద్ధం బయటికొచ్చేసింది.

పార్ట్‌నరు పక్కకి తిరిగినాను. "అన్నా, నువ్వు చెప్పు. పక్కన్నే ఉంటివి కదా."

ఆయన మజ్జిగన్నం కలుపుకుంటా, "మేమిద్దరం పొడన్నమేనమ్మా" అన్నాడు. కలుపుకోని తిన్నాడు కూడా!

ఆ పొద్దునుంచి నాకు వంటిల్లు లేదు. పంచగవ్యం తాగి శుద్ధి చేసుకుంటేగాని లోపలికి రావద్దనింది మా అత్త. "ఆయన్నీ పక్కన కూర్చోబెట్టు, ఇద్దరం తాగుతాం" అన్నాను. ఆయన కూర్చోలేదు, నేను తాగలేదు. మిద్దె పైన పాత సామాన్ల గది ఖాళీ చేసుకోని కిరసనాయిలు స్టవ్వు పెట్టుకున్నాను. పిల్లలిద్దరూ కింద తిని, పైకొచ్చి నా దగ్గర మళ్ళీ తినేవాళ్ళు. ఆయన కింద తినేవాడు.

తిరుపతికి పోయి మా అమ్మకి చెప్పుకున్నాను. అంతా విని, "రెండు గుక్కలు కండ్లు మూసుకోని మింగేస్తే అయిపోయేదానికి ఎందుకమ్మా ఇంత రగడ?" అనింది. ఆమె కలిపిన కాఫీ తాగకుండానే మళ్ళీ బస్సెక్కినాను.

బస్సులోనే అనుకున్నాను, కాణిపాకం. ఆ వినాయకుడి ముందర అబద్ధం ప్రమాణం చేసినోడు బాగుపడడని మా పక్క పాలు తాగే బిడ్డకి కూడా తెలుసు. కోర్టుల్లో తేలని తగాదాలు ఆడికి పోతాయి. ఇంటికొచ్చి వాకిట్లో నిలబడే అందరికీ వినబడేట్టు చెప్పినాను. "శుక్రవారం కాణిపాకం పోదాం. నేను ముట్టలేదని నేను ప్రమాణం చేస్తాను. తినలేదని ఆయన్ని చెయ్యమను."

"చేస్తాలే, నాకేం బయమా?" అన్నాడు ఆయన. ఆ మాట అనేటప్పుడు చెప్పుల్లో కాలు తప్పుగా పెట్టుకున్నాడు.

గురువారం మధ్యాన్నం మా అత్త మిద్దెక్కి వచ్చింది. మోకాళ్ళ నొప్పి మనిషి, ఎప్పుడూ పైకి రాదు. గది లోపలికి రాకుండా గడప బయట నిలబడి, గోడ పట్టుకోని రొప్పింది. నేను టెంకాయ తురుముతా ఉండాను.

"వాణ్ణి కాణిపాకం పిలవబాక" అనింది.

"ఎందుకత్తా?"

"వాడు తిన్నాడు."

"ఎవరు చెప్పినారు?"

"కన్నదాన్ని, ఒకరు చెప్పాలనా? ఊర్నించి వచ్చిన పొద్దు నా కండ్లలోకి చూడకుండా కాళ్ళు కడుక్కున్నాడు. అప్పుడే తెలిసింది. ఆ సామి ముందర అబద్ధమాడితే నా బిడ్డకేమన్నా అయితే? వద్దు. నువ్వు ఆ మాట వదిలెయ్."

"తెలిసే నన్ను వెలేసినావా?"

"వాడు మగోడు. యాడ తిరిగినా యాడ తిన్నా కాళ్ళు కడుక్కుంటే పోతుంది. పొయ్యి కాడికొచ్చేది వాడా? దేవుడికి వండేది వాడా? నువ్వు."

"నేను ముట్టలేదత్తా."

"ముట్టలేదేమో" అనింది. అంత తేలిగ్గా! పండగకి చీర నప్పలేదేమో అన్నంత తేలిగ్గా అనింది.

చేతిలో ఉన్న గిన్నె తురుముతో సహా పిట్టగోడ మీదినుంచి పెరట్లోకి విసిరేసినాను. అది రాళ్ళ మీద పడి మోగిన మోతకి పక్కింటోళ్ళు బయటికొచ్చినారు. మా అత్త గోడ పట్టుకోని మెట్లు దిగింది.

శుక్రవారం నేనొక్కదాన్నే పోయినాను. తల మీద నీళ్ళు పోసుకోని, తడి చీరతో నిలబడి, నేను నీచు ముట్టలేదని ప్రమాణం చేసినాను. ఎదురుగా నిలబడాల్సిన మనిషి లేడు. చుట్టూ జనం ఎవరి మొక్కులు వాళ్ళు మొక్కుకుంటా ఉండారు. ఏడుపు రాలేదు, పండ్లు పటపటా కొరుక్కున్నాను. తడి చీర బస్సులో ఒంటి మీదే ఆరింది.

ఇంటికొస్తే మా అత్త వాకిట్లోనే, "ప్రమాణం చేసినావంట కదా. సరే, ఇంక లోపలికి రా. పొయ్యి ముట్టుకో" అనింది. దయ చూపించినట్టు చేత్తో వంటింటి పక్క చూపించింది.

"రాను" అన్నాను.

"లోపలికి రమ్మన్నాంక ఇంకేం రోగం?"

"నేనడిగింది మీరు చెయ్యలేదు."

మళ్ళీ ఆ వంటింట్లో కాలు పెట్టలేదు. వంటమనిషిని పెట్టుకున్నారు. బంధువులు నన్ను గయ్యాళి అన్నారు, బ్యాంకాకు పోయొచ్చి తల తిరిగిందన్నారు. ఆయన ముందర అన్నా ఆయన విననట్టు ఉండిపోయేవాడు. ఎవరికీ వివరం చెప్పుకోలేదు. చెప్పాల్సినోడు నోరు మూసుకోనుంటే నేనెంత చెప్పినా అది నా నోటి దురుసే అవుతుందని అప్పటికే తెలిసిపోయింది.

మామిడి పని అయిపోయిన రోజుల్లో ఒక ఆదివారం ఆయన పైకొచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. లోపల చారు కాగతా ఉంది, దబ్బాకు వాసన మెట్లదాకా పోయుంటుంది.

"నాకూ రవంత పొయ్ మే. నోరు చచ్చిపోయుండాది" అన్నాడు.

"కిందికి పో. మీ అమ్మ ముందర నిలబడి, నేను తిన్నాను, ఆమె ముట్టలేదు అని చెప్పిరా. వేడివేడిగా పోస్తాను."

"అమ్మకి తెలుసు కదా."

"ఆమెకి తెలిసింది వేరే. నువ్వు చెప్పేది వేరే."

గోరుతో మెట్టు గీకినాడు. తర్వాత లేచి దిగినాడు. నేను పొయ్యి దగ్గర చెవులు రిక్కించుకోని నిలబడినాను, ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు అని. వీధి తలుపు తీసిన సద్దు వినబడింది.

ఏండ్లు గడిచి మా అత్త పోయినాక, పెద్దకర్మ అయిపోయిన సాయంత్రం, ఆయనే ఆ సంగతి ఎత్తినాడు. "ఇంకేముంది, ఎవరికి చెప్పాల? అమ్మే లేదే. కిందికొచ్చెయ్" అన్నాడు.

"నాకు చెప్పు. ఆ పొద్దు అబద్ధమాడినాను అని నాకే చెప్పు, సాలు."

నా మొహం చూసినాడు. పెదాలు కదిలినాయి. "పాత సంగతి ఎందుకు తవ్వతావు మే" అని తువ్వాలు భుజాన వేసుకోని ఫ్యాక్టరీకి పోయినాడు.

ఎండ్రకాయ కాలు కొరికిన నోటికి ఆ ఒక్క మాట బరువైంది.