ఏ గ్రూపు, బాబాయ్?

ఐటీఐ చదివిన యాభై ఏళ్లవాణ్ని బీఏలో చేర్చుకుంటారా అని ఎన్ని కాలేజీలను అడిగినా ఒక్కరూ బదులివ్వలేదు. ఒక గుమస్తా మాత్రం "మనవడికా?" అని నవ్వాడు. అది మర్చిపోను.

మొన్న భీమిలి బస్సులో పక్క సీటమ్మాయి, ఇంటర్లో లెక్కలు లేనివాళ్లకు బీఎస్సీ ఇస్తారా, బీకామేనా అని రెండు కాలేజీల కాగితాలు పోల్చి చూసుకుంటోంది. నా చేతిలోనూ అవే కాగితాలు.

"మీ పాపకా, బాబాయ్?"

"నాకే."

నవ్వుతుందనుకున్నాను. తన కాగితాన్ని ఇద్దరికీ కనబడేలా పట్టుకుంది.

"అయితే ఏ గ్రూపు తీసుకుంతన్నారు?"

"హిస్టరీ."

"నాను బీకామే. కేంటీన్లో కనబడితే టీ ఇప్పించాలి మరి!"

సరేనన్నాను. ఆ రోజంతా హుషారుగానే ఉన్నాను.

అయ్యా ప్రిన్సిపాల్ గారూ, ఆ కాగితాల్లో ఒకటి మీ కాలేజీదే. సీటిస్తారా, ఇవ్వరా? ఇప్పుడైనా చెప్పండి. ఆ అమ్మాయికి మాటిచ్చాను.