బావగారి ఆగ్నేయం

నేను కాలేజీలో పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. వంటగ్యాస్ గాలి కంటే బరువనీ, లీకైతే పైకి పోకుండా నేలబారున పాకుతుందనీ ఏటా బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెబుతాను. అలాంటివాణ్ణి, మా వంటగదిలో గ్యాస్ స్టవ్ ఎక్కడ పెట్టాలో చేపల చెరువుల వ్యాపారం చేసే మా బావగారిని తేల్చనిచ్చాను. నేను చెప్పేదీ గ్యాసే, ఆయన కొట్టేదీ గ్యాసే. మా ఇంట్లో నెగ్గింది రెండోది. ఇంత తెలివితక్కువ పని చేసినవాడు దాన్ని దాచుకోవాలి గానీ, నేను చెప్పుకుంటున్నాను. ఎందుకంటే ఆయన చేసింది కూడా చెప్పాలి, నాది దాచి ఆయనది చెబితే నమ్మరు.

అది ఓవెన్ ఉన్న పెద్ద స్టవ్. పైన నాలుగు పొయ్యిలు, కింద గాజు తలుపు, పక్కన గంట కొట్టే టైమరు. ఏరికోరి ఎంచుకున్నది మా ఆవిడ. అంతకుముందు ఏడాది ఒక జ్వరం వచ్చి తగ్గాక ఆమెకు వాసన తెలియడం మానేసింది. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నారు డాక్టర్లు. రాలేదు. పోపు మాడినా, పప్పు అడుగంటినా ముక్కు చెప్పదు. అప్పట్నుంచీ కళ్ళతో, చెవులతో వండటం నేర్చుకుంది. ఆవాల చిటపట ఎప్పుడు సద్దుమణుగుతుందో వింటుంది, ఉల్లిపాయ ఏ రంగుకు తిరిగిందో చూస్తుంది. వంట పిసరంత కూడా చెడలేదు. చెడిందని నేను అన్న ఒకే ఒక్కరోజు నాకు జ్వరంగా ఉంది.

"గాజులోంచి చూడొచ్చు, గంట వినొచ్చు. నాకింకేం కావాలి?" అని ఆ స్టవ్ కొనిపించింది. వంటగది తన చేతిలోంచి జారిపోకూడదు, అంతే ఆమె పట్టుదల. ముక్కు సాయం లేని మనిషి చేతికిచ్చే స్టవ్ కాబట్టి బిగింపులో ఏ లోపమూ ఉండకూడదన్నది నా పట్టుదల. పటమటలో మా ఫ్లాట్ వంటగదికి ఈశాన్యం మూల చిన్న బాల్కనీ ఉంది. సిలిండరు అక్కడ బయట నిలబెట్టి, గోడలోంచి రాగి గొట్టం తెచ్చి, చివర చిన్న ట్యూబు, అదీ కంటికి కనిపించేలా పెట్టి, స్టవ్ ఆ పక్కనే ఉంచాలని గీసుకున్నాను. గోడకు రంధ్రం కూడా వేయించాను.

బిగించేవాడు వచ్చిన సాయంత్రమే మా అక్కా బావగారూ చల్లపల్లి నుంచి దిగారు. బావగారు చెప్పులు విప్పీ విప్పకుండానే ఫోన్‌లో దిక్సూచి తీశారు. ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళ కంటే ముందు దిక్కులు అడిగే మనిషి.

"ఏమోయ్ మాస్టారూ, ఈశాన్యంలో నిప్పా? ఈశ్వరుడి నెత్తిన కుంపటి పెడతావా?"

"సిలిండరు దగ్గరుంటే ట్యూబు పొట్టిగా సరిపోద్దని, బావగారూ..."

"ట్యూబుదేముందయ్యా, పొడుగ్గా కొనుక్కో. దిక్కుల్ని సాగదీయలేవుగా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా మీద వేసిన జోకుకి నేనే నవ్వడం నాకు చిన్నప్పట్నుంచీ ఉన్న జబ్బు. ఆ నవ్వును బావగారు ఒప్పుకోలు కింద జమకట్టుకున్నారు. బిగించేవాడి వంక చూశాను, వాడైనా అడ్డం చెబుతాడేమోనని. "పెద్దాయన చెప్పిందే కరెక్టండీ, మా ఇంట్లోనూ అటే" అన్నాడు వాడు. వాస్తు గొంతు పెంచేసరికి వాస్తవం నోరు మూసుకుంది. స్టవ్ ఆగ్నేయం మూలకు వెళ్ళింది. రాగి గొట్టం అంత దూరం చాలదు కాబట్టి రెండు ట్యూబులు అతికించి, గోడ వెంట పాకించి, ఓవెన్ వీపు వెనకనుంచి తిప్పి తెచ్చాడు. అలా అతకకూడదని నాకు తెలుసు. వేడి తగిలేచోట ట్యూబు ఉండకూడదనీ తెలుసు. తెలిసినవన్నీ మింగి, రాత్రి భోజనాల్లో బావగారికి పెరుగు వడ్డించాను.

మర్నాడు పొద్దున పాలు పొంగించాలి. దానికని ఊళ్ళో ఉన్న చుట్టాల్ని కూడా పిలిచాం. కొత్త పొయ్యి మీద పాలు పొంగి పొర్లాలి గదా. మా ఆవిడ గిన్నెకు సగం దాకా పోసింది. బావగారు వంటగది గుమ్మంలో నిలబడి, "నిండా పొయ్యమ్మా, పిసినారితనం దేనికి? మంట పెద్దది పెట్టు" అన్నారు. ఆయన గుమ్మం దాటి వంటగదిలోకి రారు. వంటగది ఆడవాళ్ళదని ఆయన సిద్ధాంతం, దాన్ని నడిపించడం మాత్రం ఆయనది.

పాలు పొంగాయి. మామూలుగా కాదు, కృష్ణకు వరదొచ్చినట్టు. నురగ నాలుగువైపులా దిగి బర్నర్‌ను ముంచేసింది. తూర్పుకు పొర్లాయని బావగారు చప్పట్లు కొట్టారు, ఫోటోలు తీశారు, అందరినీ హాల్లోకి నడిపించారు. పాల కింద మంట ఆరిపోయిందని ఎవరూ చూడలేదు. మంట ఆరితే గ్యాస్ తనంతట తనే ఆగిపోయే ఏర్పాటు ఆ స్టవ్‌లో ఓవెన్‌కి ఉంది గానీ పై పొయ్యిలకు లేదు.

హాల్లో సోఫా, కుర్చీలు చుట్టాలకు సరిపోయాయి. ఇంటి యజమానిని కాబట్టి నాకు నేల దక్కింది. గోడకు ఆనుకుని చాప మీద కూలబడ్డాను. మూడు మాటలు సాగాయో లేదో, నా ముక్కుకు కుళ్ళిన ఉల్లిపాయ లాంటి వాసన తగిలింది. సోఫాలో ఉన్నవాళ్ళకు ఇంకా ఏమీ తెలియలేదు. ఏటా నేను బోర్డు మీద గీసే బొమ్మ ఆ రోజు నా చాప మీదికి పాక్కుంటూ వచ్చింది.

అదే సమయానికి బావగారు సోఫాలోంచి, "చెల్లెమ్మా, పొయ్యికి హారతివ్వు" అని కేకేశారు.

నేను వెళ్ళేసరికి మా ఆవిడ స్టవ్ ముందు, ఒక చేతిలో కర్పూరం పళ్ళెం, రెండో చేతిలో అగ్గిపుల్ల, గీయబోతోంది. చేయి పట్టుకున్నాను. పుల్ల లాక్కున్నాను. స్టవ్ మీట కట్టేసి, బాల్కనీలోకి వెళ్ళి రెగ్యులేటర్ ఆపి, కిటికీలు తెరుస్తున్నాను. ఏం జరుగుతోందని బావగారు గుమ్మంలోకి వచ్చారు. "వాసనొస్తే ఫ్యానెయ్యాలిగా" అంటూ పక్కనున్న ఎగ్జాస్ట్ స్విచ్ మీదికి చేయి చాపారు. స్విచ్‌లో చిన్న నిప్పురవ్వ లేచినా చాలు, గది అంటుకుంటుంది. ఆ చేతిని కొట్టాను. కొట్టాననే చెప్పాలి, మర్యాదగా తీశానంటే అబద్ధం.

అందర్నీ కిందికి పంపి, గాలాడనిచ్చి, మళ్ళీ పైకి తెచ్చాను. ఎవరికీ ఏమీ కాలేదు. నన్నడిగితే అక్కడితో ఆయన్ని క్షమించేసేవాణ్ణి. కానీ బావగారు చెయ్యి తడుముకుంటూ, చుట్టాలందరి ముందూ తీర్పు చెప్పారు.

"తప్పు స్టవ్‌ది కాదు, దిక్కుది కాదు. వాసన తెలియని మనిషి చేతికి పొయ్యిస్తే ఇంతే. ఇకనుంచి వంటమనిషిని పెట్టుకో మాస్టారూ. చెల్లెమ్మను ఆ చుట్టుపక్కలకు రానీకు."

మా ఆవిడ పాలతో తడిసిన స్టవ్ తుడవడం ఆపేసి, పక్కకు వెళ్ళి నిలబడింది. మర్నాడు పొద్దున లేచేసరికి హాల్లో కూర్చుని పేపరు చూస్తోంది. ఆమె ఏనాడూ ఆ వేళకు పేపరు చూడలేదు. "ఇడ్లీలు తెప్పించండి" అంది. మధ్యాహ్నం కర్రీ పాయింట్‌నుంచి కూరలు వచ్చాయి. "అన్నయ్యగారు అన్నదాంట్లో తప్పేముందండీ? మీరు నేలమీద కూర్చోకపోతే ఏమయ్యేది?" అంది. పొయ్యి మంట ఆరిపోయినా నా మంట ఆరలేదన్న సంగతి అప్పుడు నాకు స్పష్టంగా తెలిసింది.

ఈలోగా పామర్రులో ఒక పెళ్ళి, మైలవరంలో ఒక గృహప్రవేశం జరిగాయి. రెండుచోట్లా మా కథ మాకంటే ముందే వెళ్ళింది. "మా చెల్లెమ్మకి వాసన తెలీదు, మా మాస్టారికి వాసన తప్ప ఏమీ తెలీదు" అని బావగారు చెబుతుంటే పంక్తి పంక్తంతా నవ్వింది. ఈసారి నేను నవ్వలేదు. నా జబ్బు ఆ రోజుతో నయమైంది. ఇంటికి వచ్చేదారిలో, బస్సులో, ఆయన మీద రకరకాల పగలు తీర్చుకున్నాను. ఆయన దిక్సూచి పక్కన అయస్కాంతం పెట్టడం, ఆయన చెరువులు నైరుతిలో ఉన్నాయని చేపలకు చెప్పడం. అన్నీ ఊహల్లోనే. నా బోటివాడి పగ ఆర్టీసీ బస్సు దిగేసరికి దిగిపోతుంది. ఇది మాత్రం దిగలేదు.

ముందు మా పొయ్యి సంగతి చూశాను. స్టవ్ ముందుకు లాగితే, ఓవెన్ వెనక ట్యూబు ఒకచోట మెత్తబడి నొక్కుకుపోయి ఉంది. పనిచేస్తోందో లేదో చూడ్డానికి బిగించినవాడు ఓవెన్‌ను ఒక్కసారి వేడెక్కించినందుకే ఆ గతి. మా ఆవిణ్ణి పిలిచి చూపించాను. చాలాసేపు చూసింది.

"ఇది నేను చెయ్యలేదు" అంది.

"నువ్వు చెయ్యలేదు."

ఆ తర్వాత ఆమె పేపరు పట్టుకోలేదు. ఇద్దరం కలిసి స్టవ్‌ను ఈశాన్యానికి తెచ్చాం. వేరే మనిషిని పిలిపించి కొత్త ట్యూబు, క్లిప్పులు వేయించాం. అతికినచోటల్లా సబ్బునీళ్ళు రాసి, బుడగ లేస్తుందేమోనని ఆమె వంగి చూసింది. ముక్కు పోయినవాళ్ళ కళ్ళు అంత చూస్తాయని నాకు అప్పటిదాకా తెలియదు. గ్యాస్ లీకైతే కూతపెట్టే అలారం ఒకటి నేలకు దగ్గరగా గోడకు బిగించాం. ఆమెకు చెవులు బాగా పనిచేస్తాయి, ఆ అలారం గొంతు ఇంకా బాగా పనిచేస్తుంది. ఆ వారమే బంగాళాదుంప వేపుడు మళ్ళీ ఇంట్లో వేగింది.

చల్లపల్లిలో బావగారు కొత్త ఇల్లు కట్టి అందులోకి మారారు. వేసవి చివర్లో అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్ తమ్ముడూ, మీ బావ పొయ్యి ఆగ్నేయంలోనే పెట్టించారు. పక్కనే పెద్ద కిటికీ. గాలికి మంట ఆరిపోతోందిరా. సిలిండరేమో ఈశాన్యంలో పెరటి తలుపు బయట. ట్యూబు మీ ఇంట్లోలాగే గోడలెమ్మట పాకుతోంది. నాకు భయంగా ఉంది. మార్చమంటే ఫోన్‌లో దిక్కులు చూపిస్తున్నారు."

"ఆయన వంటగదిలోకి వస్తారా అక్కా?"

"వంటగదిలోకా? పెళ్ళయిన కాణ్ణుంచీ గుమ్మం దాటింది లేదు."

"ఇంట్లో లేనిరోజు చెప్పు."

చెరువులో చేపలు పట్టించే రోజు బావగారు తెల్లవారకముందే గట్టు మీదికి వెళ్ళిపోయారు. మేమిద్దరం పామర్రు మీదుగా చల్లపల్లి చేరాం, మా ట్యూబు బిగించిన మనిషిని వెంటబెట్టుకుని. ఆ వంటగదిలో పొయ్యి ఎక్కడ ఉండాలో చెప్పింది నేను కాదు, మా ఆవిడ. చీర కుచ్చిళ్ళు దోపి, అటూ ఇటూ నడిచి, కిటికీ గాలి ఎక్కడిదాకా వస్తోందో చేత్తో చూసి, "ఇక్కడ" అంది. పెరటి తలుపు పక్కన, అచ్చమైన ఈశాన్యం. పొట్టి ట్యూబు. సబ్బునీళ్ళు ఆమే రాసింది. ఒక్క బుడగ లేవలేదు.

ఆగ్నేయం మూల ఖాళీగా ఉంటే గుమ్మంలోంచి కనిపిస్తుంది గదా. అక్క అటక మీదినుంచి పాత రెండు పొయ్యిల స్టవ్ దింపింది. ట్యూబు లేదు, ఏమీ లేదు. తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, పైన ఒక ఖాళీ ఇత్తడి గిన్నె ఉంచాం. అసలు పొయ్యి ముందు గోడ మలుపు అడ్డం. గుమ్మంలో నిలబడ్డవాడికి పాతదే కనిపిస్తుంది.

పై ఆదివారం భోజనానికి పిలిచారు. బావగారు రోజూలాగే గుమ్మం దగ్గర ఆగి, ఆ ఖాళీ గిన్నె వంక చూసి రెండు చేతులూ జోడించి వచ్చి పీట మీద కూర్చున్నారు. ముద్దపప్పు, మామిడికాయ పులుసు, నెయ్యి. నాలుగో ముద్దకు ఆయన మొహం విప్పారింది.

"చూశావా చెల్లెమ్మా, దిక్కు కుదిరితే పప్పు రుచే మారిపోద్ది. మీ ఇంట్లోనూ నేను పెట్టించినచోటే ఉంచి ఉంటే..."

"అవునండీ అన్నయ్యగారూ" అంది మా ఆవిడ, తల వంచుకుని విస్తట్లో అన్నం సర్దుకుంటూ. "చాలా బాగా కుదిరింది."

అక్క గరిటె పట్టుకుని గబగబా వంటగదిలోకి వెళ్ళిపోయింది. చాలాసేపు బయటికి రాలేదు.

"ఇంకొంచెం పప్పు తీసుకురా అక్కా" అని కేకేశాను. "బావగారికే ముందు వడ్డించు."