కవరు తీయని సీటు

పటాన్‌చెరు మార్కెట్ వెనక సందులో ఉన్న కృపానందం సీట్ల దుకాణానికి ఎవరొచ్చినా ముందు ఊక బస్తా మీద కూర్చోవలసిందే. ఎంత పెద్ద కారున్నవాడికైనా మినహాయింపు లేదు. కూర్చుని లేచాక బస్తాలో పడిన గుంతను కృపానందం కళ్లద్దాలు సర్దుకుని, జాతకం చూసినట్టు చూస్తాడు. "సీటు బండికి గాదు, మనిషికి కుట్టాలె" అన్నది ఆయన సిద్ధాంతం. ఆ గుంతను బట్టే ఎవరి నడుము ఎటు వంగిందో, ఎవరి పర్సు ఏ జేబులో ఉంటుందో చెప్పేస్తాడు. ఒకసారి భానూర్ లారీ డ్రైవరు బస్తా మీద నుంచి లేవగానే, "నీ బరువంతా ఒక్క పక్కనే పడుతున్నది. రెండో తుంటి ఖరాబైంది, దవాఖానకు పో" అన్నాడు. పోతే అది నిజమేనని తేలింది. అప్పటి నుంచి సందులో వాళ్లు ఆయన్ని సగం డాక్టరు అంటారు. మిగతా సగం ఆయనే కలుపుకున్నాడు.

జోగిపేటలో బస్సు బాడీలు కట్టే షెడ్డులో సూది పట్టుకోవడం నేర్చి, పెళ్లయ్యాక పటాన్‌చెరు వచ్చి స్థిరపడ్డ మనిషి. ఫ్యాక్టరీ బస్సులకు కుట్టాడు, పెళ్లి కార్లకు కుట్టాడు, ఎన్నికల జీపులకు కుట్టాడు. పనికేం కొదవ లేదు. కడుపులో మంట ఒక్కటే, కవర్లు.

మన దగ్గర కొత్త సీటుకు తొడిగిన పాలిథిన్ కవరు తీయడమంటే అరిష్టం. అది చినిగితే దాని మీద ఇంకో కవరు వేస్తారు. ఎండాకాలం అది కాలుతుందని పైన తువాలు వేస్తారు. తువాలు మాసిపోతుందని దాని మీద పేపరు పరుస్తారు. ఏళ్లు గడిచాక కారు అమ్ముకునే రోజున అన్నీ ఊడదీసి, "సూడుండ్రి, సీట్లు కొత్తగున్నయ్" అంటారు. కొన్నవాడు ఆ సాయంత్రమే కొత్త కవరు తొడిగిస్తాడు. కృపానందం కుట్టిన సీట్లు ఇట్లా చేతులు మారాయే గానీ, వాటి మెత్తదనం ఎట్లా ఉంటుందో ఒక్క మనిషికీ తెలియలేదు.

"నేను కుట్టిన సీటు మీద మనిషి కవరు లేకుంట కూసోంగ ఒక్కపారన్న సూడాలె, దయా" అని భార్యతో అనేవాడు. దయావతి "ఊఁ" అనేది. ఆమె ఎప్పుడూ వంటింటి గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేది, ఒక పక్కన పాత చీర మడిచి పెట్టుకుని. అదేదో ఆమెకు అలవాటని కృపానందం ఎన్నడూ పట్టించుకోలేదు.

ఒక ఆదివారం, భార్యాభర్తలు చర్చి నుంచి వచ్చీ రాగానే, ఇంటి ముందు పెద్ద కారు ఆగింది. దిగినవాడు వెలిమెల సూర్యారావు. ప్లాట్లు చేసి అమ్మేవాడు, ఇప్పుడు విల్లాలకు ఎదిగాడు. కృపానందం ఆయన్ని ముందు గదిలో సోఫా మీద కూర్చోమన్నాడు. ద్రాక్షపండు రంగు రెక్సిన్ సోఫా అది. కూతురు బ్యూలా పెళ్లికి కృపానందం స్వయంగా కుట్టాడు. పాస్టరుగారూ, ఓట్లడిగే వాళ్లూ వచ్చినప్పుడే దాని మీద మనుషులు కనబడతారు. సూర్యారావు కూర్చోబోయి, సర్రున అంచు దాకా జారి, టీపాయి పట్టుకుని ఆగాడు.

"జెర నున్నగుంటది సార్, మెల్లగ" అన్నాడు కృపానందం.

సూర్యారావు సర్దుకుని సంగతి చెప్పాడు. "అన్నా, మా తాత వాడిన ఫారిన్ కారొకటి దొరికింది. టాపు లేని బండి. లోపలంతా మళ్ల అప్పటి లెక్కనే చెయ్యాలె. మా హెరిటేజ్ విల్లాల ఓపెనింగ్‌కు చీఫ్ గెస్టును అండ్లనే ఊరేగించాలె."

సూర్యారావు తాతను వెలిమెలలో ముసలివాళ్లందరూ ఎరుగుదురు. బతికినంత కాలం ఆయన ఎడ్లబండి తప్ప ఎక్కలేదు. చచ్చిపోయాక, నిరుడు ముంబైలో ఒక వేలంపాటలో, ఫారిన్ కారు కొన్నాడు.

కృపానందానికి తాత సంగతి అక్కర్లేదు. పైకప్పు లేని కారు అనగానే ఆయన ముందుకు జరిగాడు. అందులో కూర్చున్నవాడు ఊరందరికీ కనబడతాడు. కింద సీటూ కనబడుతుంది. ఇన్నేళ్ల కోరిక తీరాలంటే ఇంతకు మించిన బండి లేదు.

"చేస్త రావు సాబ్. కని ఒక షరతు. సీట్ల మీద కవరెయ్యొద్దు. ఏసెటట్టుంటే ఇప్పుడే చెప్పుండ్రి, ఇంకో మనిషిని సూసుకోండ్రి."

"అయ్యో, హెరిటేజ్ కారుకు కవరేస్తరా ఎవరన్న? మా తాత మీద ఒట్టన్నా!"

ఆ తాత మీద ఒట్టు ఏపాటి నిలుస్తుందో కృపానందం ఆలోచించలేదు. కోరిక ఉన్నవాడికి చెవులు సగమే పనిచేస్తాయి.

మర్నాడు బండి వచ్చింది. లోపల సీట్లు లేవు, ఎలుకలు మాత్రం ఉన్నాయి. డ్యాష్‌బోర్డు చెక్క నిలువునా పగిలి, మీటర్ల అద్దాలు పసుపెక్కిపోయాయి. స్పీడు ముల్లు అరవై దగ్గర ఇరుక్కుపోవడంతో, కారు దుకాణం షెడ్డులో నిలబడి కూడా అరవైలో పోతున్నట్టే ఉంది. సూర్యారావు రోజు మార్చి రోజు వచ్చి సలహాలు ఇచ్చేవాడు.

"అంతా పాతగనే ఉండాలె అన్నా. కని కొత్తగ మెరవాలె."

"రెండిట్ల ఒకటి చెప్పుండ్రి సార్."

"రెండూ. ఇంకా, గా మీటర్ల నడుమ ఇంత పెద్ద స్క్రీన్ పెట్టు. దాని మీద దేవుని బొమ్మ, దాని పక్కన ఫోను చార్జరు."

"మీ తాత ఏ ఫోను వాడేటోడు సార్?" అని కృపానందం అమాయకంగా అడిగాడు. ఆ రోజుతో స్క్రీను ముచ్చట ఆగిపోయింది.

ఆ ఎండాకాలమంతా కృపానందం వేరే పని ముట్టుకోలేదు. కూల్చేసిన ఒక పాత ఇంటి టేకు తలుపు తెచ్చి, పలచగా కోయించి, డ్యాష్‌బోర్డుకు అతికించి, అరిచేత్తో పాలిష్ రుద్దాడు. మీటర్లు విప్పి తుడిచి, ముల్లును సున్నా దగ్గరకు తెచ్చాడు. స్పాంజి ముక్కలు దగ్గరికి రానీయకుండా స్ప్రింగుల మీద కొబ్బరి పీచు పరిచి, దాని మీద దూది పరిచి, బెల్లం రంగు తోలు బిగించాడు. కుట్టు ఒక్కటి వంకర పోయినా విప్పి మళ్లీ కుట్టాడు. కొలతకు సూర్యారావును ఊక బస్తా మీద కూర్చోబెడితే గుంత కుడి పక్క లోతుగా వచ్చింది. "పర్సు తీసి కూసోండ్రి సార్" అన్నాడు. తీసి కూర్చున్నాక కూడా కొంచెం వంకరగానే వచ్చింది. ఆ మనిషి తీరే అంత.

పని పూర్తయిన రోజు కృపానందం సీటు అంచున చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. తను కూర్చోలేదు. కుట్టినవాడు ముందు కూర్చోకూడదని ఎక్కడా లేదు గానీ, మనసొప్పలేదు.

విల్లాల ప్రారంభానికి పిలుపు వచ్చింది. "నువ్వు సుత రా, దయా. ఎన్నేండ్ల ముచ్చట" అని భార్యను అడిగాడు.

"బస్సెక్కి అంత దూరం నాతోని గాదు. నువ్వు పోయిరా" అందామె.

తన పనంటే ఈమెకు ఎన్నడూ లెక్క లేదనుకుని, కొంచెం ముఖం ముడుచుకునే, చర్చికి వేసుకునే తెల్ల చొక్కా తొడుక్కుని బస్సెక్కాడు.

వెలిమెలలో షామియానాలు, డప్పులు, డ్రోన్ కెమెరా. కారు పూలదండలతో నిలబడి ఉంది. కృపానందం జనాన్ని తోసుకుని దగ్గరికి పోయి చూశాడు. సీట్లకు కవర్లు. దళసరి పాలిథిన్, నాలుగు మూలలా టేపు. డ్యాష్‌బోర్డుకూ కవరే. చివరికి స్టీరింగుకు కూడా తొడిగారు. పైకప్పు లేని బండి, పొద్దుటి నుంచి ఎండలో ఉంది.

చీఫ్ గెస్టుగారు తెల్లటి పంచెలో వచ్చి, జనానికి దండం పెట్టి, ఠీవిగా కూర్చున్నారు. పెనం మీద వేసినట్టు చుర్రుమని లేచారు. ఎవరో తువాలు వేశారు. మళ్లీ కూర్చున్నారు. డ్రైవరు బండి కదిలించి, అడ్డం వచ్చిన కుక్క కోసం బ్రేకు వేశాడు. తువాలుతో సహా గెస్టుగారు పాలిథిన్ మీద జారి డ్యాష్‌బోర్డు కిందికి పోయారు. ఏదో మొక్కుతున్నారనుకుని ముందు వరసలో వాళ్లు చప్పట్లు కొట్టారు. అక్కణ్నుంచి ఊరేగింపు మొత్తం ఆయన నిలబడే చేయి ఊపారు. ప్రజల ముందు కూర్చోనంత వినయం ఎక్కడ చూస్తామని మైకు పట్టుకున్నవాడు మెచ్చుకున్నాడు.

కృపానందానికి నవ్వు రాలేదు, కళ్లలో నీళ్లు తిరిగాయి. భోజనాల దగ్గర సూర్యారావును పట్టుకున్నాడు.

"తాత మీద ఒట్టు పెడితిరి కద, రావు సాబ్!"

"అన్నా, గంత మంచిగ కుట్టినవ్. పాడైతే పానం ఒప్పుతదా? నీ పనికి ఇజ్జత్ ఇచ్చే కవరేసిన."

"మనిషి కూసోని సీటు ఎందుకు సార్? నేనెవలి కోసం కుట్టిన?"

సూర్యారావు చేతిలో పళ్లెం పట్టుకుని, కోపం లేకుండానే అన్నాడు. "గిది నన్నడుగుతున్నవా? మీ ఇంట్ల సోఫా మీద కూసోబోయి జారి కింద పడబోయిన, యాదికున్నదా? నీ సోఫాకు నువ్వు కవరెందుకేసినవ్ మరి? ఒక్కపారి నీ ఇంట్ల తీసి, అప్పుడు నాకు చెప్పు."

కృపానందం వెనక్కి తిరిగాడు. అన్నం తినకుండానే బస్సెక్కాడు. అబద్ధాల మనిషి నోటి నుంచి నిజం వస్తే అది రెండింతలు కాలుతుంది.

ఇంటికి రాగానే కత్తెర తీసి, ముందు గదిలోకి పోయి, సోఫా కవరును ఈ చివర నుంచి ఆ చివర దాకా కోశాడు.

"పిచ్చి లేసిందా? పాస్టరయ్య వస్తే?" దయావతి గోడ పట్టుకుని వచ్చింది.

కవరు లాగితే దానితో పాటే రెక్సిన్ పొరలు పొరలుగా ఊడి వచ్చింది. లోపల చెమ్మ పట్టి స్పాంజి పిండిలా రాలుతోంది. కవరు కింద తోలైనా రెక్సినైనా కుళ్లిపోతుందని ఊరందరికీ పాఠం చెప్పిన మనిషి, తన ఇంట్లో ఒక్కసారి కూడా ఎత్తి చూడలేదు. ఇంటివాళ్లు ఒక్కరూ కూర్చోకుండానే ఆ సోఫా ముసలిదైపోయింది.

"నువ్వొక్కపారన్న దీని మీద కూసున్నవా, దయా?" అని అడిగాడు.

"నువ్వు కూసోనిస్తివా? తుడిచేటందుకు చెయ్యి పెడితెనే గీతలు పడతయంటివి."

కృపానందం దుకాణానికి పోయి ఊక బస్తా భుజాన వేసుకొచ్చాడు. ముందు గది నడుమ పెట్టి, "కూసో. నీకొక సీటు కుడత" అన్నాడు.

"నేనేమన్న కారునా?" అంటూనే ఆమె మెల్లగా కూర్చుంది. లేచేటప్పుడు ఆయన భుజం పట్టుకుంది. కృపానందం అలవాటు ప్రకారం వంగి గుంత చూశాడు.

ఎడమ పక్క లోతుగా దిగింది. కుడి పక్క ఊక కదలనే లేదు.

ఆ గుంత ఆయనకు తెలుసు. భానూర్ డ్రైవరుది ఇదే గుంత. కుర్చీలో ఒక పక్క మడిచిన చీర, నాతోని గాదన్న బస్సు, గోడ పట్టుకుని వచ్చిన తీరు, అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. సిగ్గుతో ఆయనకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"కుడి తుంటి ఎప్పటి సంది నొస్తున్నది?"

"బ్యూలా పెండ్లప్పటి సంది."

"నాకు చెప్పకపోతివేంది?"

"ఊరోళ్లందరినీ బస్తా మీద కూసోవెట్టి అడుగుతవ్. నా వంతు వస్తదేమోనని సూసిన."

మర్నాడు దుకాణం తెరవలేదు. దయావతిని దవాఖానకు తీసుకుపోవడానికి ఆటో పిలిచాడు. ఆటో వెనక సీటుకు మెరిసే పాలిథిన్ ఉంది. కృపానందం టేపు పీకి, కవరును బర్రున లాగి రోడ్డు మీద పడేశాడు. "పెద్దాయనా, కొత్త సీటు! ఖరాబైతది!" అని డ్రైవరు మొత్తుకున్నాడు.

"కానియ్ బిడ్డా. మళ్ల నేనే కుట్టి ఇస్త" అని, కృపానందం భార్య చెయ్యి పట్టి లోపల కూర్చోబెట్టాడు. ఆ సీటు కుట్టింది కూడా ఆయనే.

దయావతి వెనక్కి ఆనుకుని, అరిచేత్తో పక్కన నిమిరి చూసింది. "గింత మెత్తగ కుడతవా నువ్వు?" అని అడిగింది.